జికా అడవి టవర్

జికా అడవి టవర్ ఉగాండాలో ఎంటెబ్బె–కంపాలా రహదారికి చేరువలో, విక్టోరియా సరస్సు తీరాన ఉన్న జికా అడవిలోని ఉక్కు కట్టడం. ఎత్తు 120 అడుగులు (సుమారు 36.6 మీటర్లు). నేల మొదలు చెట్ల పందిరి దాటి పైదాకా ఏ ఎత్తున ఏ దోమలు ఏ వేళ తిరుగుతాయో తెలుసుకోవడానికి దీన్ని నిలబెట్టారు. పరిశోధనకు కేటాయించిన ఈ చిన్న అడవి ఉగాండా వైరస్ పరిశోధన సంస్థ అధీనంలో ఉంది.

పూర్వరంగం

1936లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఎంటెబ్బెలో ఎల్లో ఫీవర్ పరిశోధన సంస్థను నెలకొల్పింది. ఊళ్లలో జబ్బు లేని రోజుల్లో ఆ వైరస్ ఎక్కడ తలదాచుకుంటోందన్నది అప్పటి ప్రశ్న. 1942లో అక్కడ చేరిన స్కాట్లండ్ కీటక శాస్త్రవేత్త అలెగ్జాండర్ హాడో (1912–1978) జవాబు కోసం చెట్ల మీదికి చూశారు. పడమటి ఉగాండాలోని బ్వాంబా అడవుల్లో కొమ్మల మధ్య మంచెలు కట్టించి, వాటిపై మనుషులను కూర్చోబెట్టి రాత్రింబగళ్లు దోమలను పట్టించారు. ఒంటి మీద వాలిన దోమను వాలినట్టే గొట్టంలో పట్టడం, గంటగంటకూ లెక్క రాయడం వారి పని. ఓపికకు పరీక్ష పెట్టే ఈ పని ఫలితం గొప్పది. ఈడిస్ ఆఫ్రికానస్ దోమ పొద్దుగూకగానే పందిరిలో విజృంభిస్తుందని, కోతులు కొమ్మల్లో నిద్రకు చేరే వేళ కూడా అదేనని తేలింది. పగలు ఆ కోతులే అరటి తోటలపై పడతాయి. అరటి మట్టల మొదళ్లలో నిలిచిన నీటిలో పెరిగే ఈడిస్ సింప్సనై దోమ వాటిని కుట్టి, తర్వాత తోటలోని మనిషిని కుడుతుంది. అడవి జబ్బు ఊరికి వచ్చే దారి ఇదీ.

మంచెల మీద జికా వైరస్

ఇదే పద్ధతిలో జికా అడవిలోనూ మంచెలు కట్టి, బోనుల్లో రీసస్ కోతులను ఉంచారు. 1947 ఏప్రిల్ 18న 766వ నంబరు కోతికి 39.7 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చింది. దాని రక్తరసం నుంచి అంతకుముందు ఎరగని వైరస్ బయటపడింది. 1948 జనవరిలో అదే అడవిలో పట్టిన ఈడిస్ ఆఫ్రికానస్ దోమల్లోనూ అది దొరికింది. జార్జ్ డిక్, స్టువర్ట్ కిచెన్, హాడో 1952లో ఈ వివరాలు ప్రచురించారు. జికా వైరస్‌ను ఉక్కు టవర్ మీదే కనుగొన్నారనుకోవడం సరికాదు. అప్పటికి టవర్ లేదు.

ఉక్కు టవర్

మంచె చెట్టుకు లోబడి ఉంటుంది. చెట్టు కొనలు దాటి పైకి పోలేదు. ఆ కొరత తీర్చిన ఈ టవర్‌ను మొదట కంపాలాకు పడమరగా ఉన్న ఎంపాంగా అడవిలో నిలబెట్టారు. వివిధ ఎత్తుల్లో వేసిన వేదికలపై ఏకకాలంలో దోమలను పట్టడంతో, ఒకే చెట్టు కింద, నడుమ, కొసన వేర్వేరు దోమలు వేర్వేరు వేళల్లో కుడతాయని స్పష్టంగా కనిపించింది. మునిమాపు వేళ అడవికి పైన గుంపులు కట్టే దోమలనూ అక్కడి నుంచే గమనించారు. హాడో, ఫిలిప్ కార్బెట్, జాన్ గిలెట్ 1961లో వెలువరించిన వ్యాసాలు ఈ రంగంలో నేటికీ విలువైనవి. 1960లో టవర్‌ను విప్పి జికా అడవికి తరలించారు. అక్కడ సంధ్యవేళల్లో పందిరిలో దోమ కుట్టే తీరుపై హాడో 1964లో మరో అధ్యయనం ప్రకటించారు. 1953 నుంచి సంస్థకు డైరెక్టరుగా ఉన్న ఆయన 1965లో ఆ బాధ్యత విడిచి, తర్వాత గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.

తర్వాతి కాలం

1950లో తూర్పు ఆఫ్రికా వైరస్ పరిశోధన సంస్థగా మారిన ఎంటెబ్బె సంస్థకు 1977లో ఇప్పటి పేరు వచ్చింది. దేశంలోని కల్లోలాల వల్ల దాని పని కొన్నేళ్లు కుంటుపడింది. బ్రెజిల్‌లో జికా ప్రబలడంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 ఫిబ్రవరి 1న అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర స్థితి ప్రకటించినప్పుడు విలేకరులు ఈ అడవికి వరసకట్టారు. పరిశోధకులతో పాటు పక్షులను చూసేవారు కూడా ఇక్కడికి వస్తుంటారు.