నల్ల ఫ్రేములు

హంసలదీవి గాలికి ఇనుము ఓర్చుకోదు. తలుపు గడియ, సైకిలు చైను, కెమెరా స్టాండు మరలు, అన్నిటినీ ఉప్పు తినేస్తుంది. క్యాసెట్లకైతే బూజు పడుతుంది. మూత ఎత్తి వెలుతురులో పట్టుకుంటే రీలు అంచున తెల్లగా ముగ్గుపిండి రాలినట్టు కనిపిస్తుంది. దాన్ని అలాగే వీసీఆర్‌లో పెడితే హెడ్డు పాడవుతుంది. తర్వాత పెట్టే క్యాసెట్టుకూ ఆ బూజు అంటుకుంటుంది. ముందు నీడన ఆరబెట్టాలి, ఆ తర్వాత స్పిరిట్ అద్దిన మెత్తటి గుడ్డ మీదుగా టేపును నెమ్మదిగా నడపాలి. ఏళ్ల తరబడి నేను చేస్తున్న పని ఇదే: పెళ్లి వీడియోల మిక్సింగ్, పాత క్యాసెట్ల మరమ్మతు.

మొన్న మాఘ పౌర్ణమి తిరునాళ్ల వెళ్లాక పాలకాయతిప్ప నుంచి ఒకావిడ క్యాసెట్టు పట్టుకొచ్చింది. పాతికేళ్ల కిందటి ఆమె పెళ్లి. తండ్రి ఇప్పుడు లేడు. ‘బొమ్మ ఎట్టా ఉన్నా పర్లేదన్నా, అప్పగింతల దగ్గర నాన్న ఓ మాటన్నాడు, అది వస్తే చాలు’ అంది. మా వైపు ఇలాంటి మాట అంటే కాదనలేం. 1977 నవంబరు 19 ఉప్పెనలో మనుషులతో పాటు గోడల మీది పటాలూ పోయాయి. పోయినవాళ్లు ఎలా ఉండేవాళ్లో చూపించడానికి ఒక్క ఫొటో మిగలని ఇళ్లు దివిసీమలో ఎన్నో.

బూజు శుభ్రంగానే వదిలింది. అప్పగింతల దగ్గరికొచ్చేసరికి బొమ్మ పొగమంచులా తేలి, గీతలు గీతలై మాయమైంది. మాట మాత్రం నిక్షేపంగా వినపడుతోంది. వీహెచ్‌ఎస్ టేపులో బొమ్మ నడిమి భాగంలో ఏటవాలు గీతలుగా ఉంటుంది, మాట పై అంచున సన్నగా పొడుగునా నడుస్తుంది. టేపును ఒకచోట ఆపి ఉంచితే, లోపల గిర్రున తిరిగే హెడ్డు ఆ ఒక్కచోటే రాసుకుంటూ బొమ్మను అరగదీస్తుంది. మాట అంచు జోలికి అది పోదు. సంగతి అడిగాను. ‘నాన్న మొహం దగ్గర ఆపి ఆపి చూసేవాళ్లం’ అంది ఆమె. ప్రేమగా చూసిన చోటే చెరిగిపోయింది.

అక్కడ పెద్ద చిక్కు వచ్చిపడింది. టేపును కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు చెడిన ఫ్రేములు దానికి అందవు. అది మనకు చెప్పకుండానే వాటిని వదిలేసి, తర్వాతి ఫ్రేములను ముందుకు జరిపేస్తుంది. మాట ఎక్కడా తెగలేదు కదా. దాంతో అక్కణ్ణుంచి బొమ్మ ముందు పోతుంది, మాట వెనకబడుతుంది. పెదవులు మూసుకున్నాక మాట వినపడుతుంది. ఫోనుతో తీసిన పెళ్లిళ్లలోనూ ఇదే గొడవ. సెకనుకు 30 ఫ్రేములని పైన రాసి ఉంటుంది గానీ, పందిట్లో వెలుతురు తగ్గితే ఫోను 24కు దిగిపోతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ పైన రాసినదాన్ని నమ్మి 30గానే నడిపితే పది నిమిషాలకు పంతులుగారి మంత్రం ఒకచోట, నోరు ఒకచోట. ముందే ఫ్రేముల లెక్కను స్థిరంగా మార్చుకుని, ఆ పైన టైమ్‌లైన్‌లో వేసుకోవాలి. నేను పట్టుకునే గుర్తు గట్టిమేళం. డోలు కర్ర చర్మానికి తగిలిన ఒక్క ఫ్రేము ఉంటుంది, కింద శబ్దం గీతలో సూదిలా లేచిన మొన ఉంటుంది. ఆ రెండూ ఒక గీత మీదికి వస్తే పెళ్లంతా దారికొస్తుంది.

ఈ కుదుర్పు పని చేస్తున్నప్పుడల్లా నాకు రఘుపతి వెంకయ్య గారు గుర్తొస్తారు.

ఆయన మా పక్క బందరులో, 1869 అక్టోబరు 15న పుట్టారు. కుర్రతనంలోనే మద్రాసు చేరి, మౌంట్ రోడ్డులో ఫొటో స్టూడియో నిలబెట్టుకున్నారు. చేతి నిండా పని, మంచి పేరు. అంతటితో తృప్తి పడి ఉంటే హాయిగా గడిచిపోయేది. కదిలే బొమ్మ ఆయన్ని నిలవనివ్వలేదు. ఫ్రాన్సులో గోమోఁ కంపెనీ బొమ్మ ఆడే యంత్రానికి గ్రామఫోను పళ్లేన్ని జతచేసి, ఒత్తిడి పెట్టిన గాలితో శబ్దాన్ని హాలంతా వినిపించే క్రోనోమెగాఫోన్ తయారుచేసింది. దాని ఖరీదు 30,000 రూపాయలని సినిమా చరిత్రకారులు రాశారు. వెంకయ్య గారు నడుస్తున్న స్టూడియోను తాకట్టు పెట్టి 1910లో దాన్ని తెప్పించారు. విక్టోరియా పబ్లిక్ హాలులో ఆడించారు. ఆ తర్వాత యంత్రాన్నీ డేరానూ వేసుకుని ఊళ్లు తిరిగారు. బర్మా, సింహళం కూడా వెళ్లారు.

ఆ యంత్రం ముందు నిలబడ్డ మనిషి పడిన పాటు నాకు బాగా తెలుసనిపిస్తుంది. ఒక పళ్లెం మీద నాలుగైదు నిమిషాల శబ్దానికి మించి పట్టదు. ఫిల్ము ఒకచోట, పళ్లెం ఒకచోట. రెంటినీ కలిపి తిప్పాలి, ఒకటి వెనకబడితే చేత్తో వేగం సర్ది కలుపుకోవాలి. ఫిల్ము తెగితే అసలు కష్టం. చిరిగిన రెండు కొసలు అతికించేటప్పుడు కొన్ని ఫ్రేములు పోతాయి, పళ్లెంలో మాట మాత్రం పోదు. అక్కణ్ణుంచి బొమ్మ ముందు, పాట వెనక. పాలకాయతిప్ప క్యాసెట్టుకు వచ్చిన జబ్బు సరిగ్గా ఇదే. పళ్లేలతో టాకీలు ఆడించిన రోజుల్లో ఆపరేటర్లు దీనికో ఉపాయం పట్టారు: ఎన్ని ఫ్రేములు పోయాయో లెక్కపెట్టి, సరిగ్గా అన్ని నల్ల ఫ్రేములు అక్కడ అతికించేవారు. తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, పాట సాగుతుంది, ఆ పైన బొమ్మ మళ్లీ పాటను అందుకుంటుంది.

ఊళ్లు తిరిగిన డబ్బు వెంకయ్య గారు దాచుకోలేదు. 1914లో మౌంట్ రోడ్డు దగ్గర గెయిటీ కట్టారు. మద్రాసులో భారతీయుడు కట్టిన తొలి సినిమా హాలు అదేనంటారు. ఆ తర్వాత క్రౌన్, గ్లోబ్. కొడుకు సూర్యప్రకాశ్‌ను ఈ విద్య నేర్చుకు రమ్మని ఇంగ్లండు, జర్మనీ, అమెరికా పంపారు. అతను తిరిగొచ్చాక పురసవాక్కంలో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ స్టూడియో లేచింది. 1921లో తండ్రీ కొడుకులు ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. ప్రకాశే దర్శకుడు, భీష్ముడూ అతనే. గంగ వేషం పెగ్గీ కాస్టెల్లో అనే దొరసాని వేసింది. కాకినాడ నుంచి వచ్చిన సి. పుల్లయ్య లాంటివాళ్లు వాళ్ల దగ్గరే పని నేర్చుకున్నారు.

గంగ అంటే మా ఊరికి ఒక కథ ఉంది. అందరి పాపాలూ మోసి మోసి గంగ కాకిలా నల్లబడిందట. కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఇక్కడ మునిగి తెల్లటి హంసై లేచిందట. ఊరి పేరు అలా వచ్చిందని మా నాయనమ్మ చెప్పేది. భీష్ముణ్ణి కన్న ఆ గంగను బందరు మనిషి తెర మీదికి తెచ్చాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఆ సినిమా తర్వాత వెంకయ్య గారిది దిగజారుడే. మూకీ తీయడమంటే పచ్చనోట్లు పేర్చి తగలబెట్టడమే. స్టూడియో అప్పులు లాగింది. కట్టిన హాళ్లు ఒకటొకటిగా చేతులు మారాయి. స్టూడియో మూతబడింది. ఇందులో నన్ను అన్నిటికన్నా కోసే సంగతి వేరే. 1931లో బొంబాయిలో ‘ఆలం ఆరా’ మాట్లాడింది. మరుసటి ఏడాది హెచ్.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’తో తెర తెలుగు మాట్లాడింది. మాట, బొమ్మ పక్కపక్కన ఒకే ఫిల్ము మీదికి వచ్చేశాయి. ఫిల్ము తెగినా రెండూ కలిసే తెగుతాయి, ఇక విడిపోవడం ఉండదు. ఇరవై ఏళ్ల ముందు వెంకయ్య గారు స్టూడియో ఒడ్డి ఏ జతకోసం పాకులాడారో ఆ జత కుదిరింది. కుదిరేనాటికి ఆయన చేతిలో హాలూ లేదు, స్టూడియో లేదు. 1941 మార్చి 15న మద్రాసులోనే కన్నుమూశారు.

మనిషి పోయినా పని మిగులుతుందనుకుంటాం. అదీ లేదు. ఆనాటి ఫిల్ము నైట్రేటు. నిప్పు తగిలితే నీళ్లు పోసినా ఆరదు. నిప్పు తగలకపోయినా తనంతట తాను జిగురై, ఆనక గోధుమరంగు పొడి అయిపోతుంది. ప్రింట్లు ఊరూరా తిరిగి అంచు రంధ్రాలు చిరిగి, గీతలు పడి, ఆడటం మానేశాక వాటిలోని వెండి కోసం తూకానికి పోయేవి. మన దేశంలో వెయ్యికి పైగా మూకీలు తీశారు. చూడ్డానికి మిగిలినవి బహు కొద్ది. పుణెలో ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో పుట్టేనాటికే ఎక్కువ భాగం పోయాయి. ఆ మొదటి టాకీ ‘ఆలం ఆరా’కే ప్రింటు లేదు. ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఒక్క అడుగు కూడా లేదు. 1980 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వెంకయ్య గారి పేరున సినిమా పెద్దలకు అవార్డు ఇస్తూ వచ్చింది. ఆ పేరు పిలిచినప్పుడు ఆయన తీయించిన ఒక్క ఫ్రేమైనా వెనక తెర మీద వేయడానికి లేదే అని గుండె పట్టేస్తుంది.

బూజు పట్టిన టేపు తెస్తే తుడుస్తాను. తెగితే అతుకుతాను. హార్డ్‌డిస్క్ మూలిగితే మంచి భాగాలు ముందు కాపీ చేసుకుంటాను. ఏదో ఒక కొస చేతికి అందాలి గదా. బందరు వెంకయ్య గారి రీలుకు నాకు అందే కొస లేదు.

పాలకాయతిప్ప క్యాసెట్టు దగ్గర నేను మొదట ఒక తప్పు చేశాను. బొమ్మ లేని ముక్క ఎబ్బెట్టుగా ఉందని కోసేశాను, దాంతో తండ్రి మాట సగం తెగింది. మళ్లీ మొదలుపెట్టాను. మాటను అంచు నుంచి పూర్తిగా తీసుకున్నాను. చెరిగిన చోటికి ముందు ఒక డోలు దెబ్బ, తర్వాత ఒక డోలు దెబ్బ పట్టుకుని మధ్య దూరం లెక్కేశాను. సెకనుకు 25 చొప్పున 97 ఫ్రేములు పోయాయి. 97 నల్ల ఫ్రేములు అక్కడ పెట్టాను. రెండో దెబ్బ సరిగ్గా కర్ర మీదికి వచ్చి కూర్చుంది.

ఆమె వచ్చినప్పుడు షాపులో టీవీకి తగిలించి చూపించాను. సన్నాయి, ఏడుపులు, ఎవరో పిల్లాడు కెమెరాకు అడ్డం రావడం. తెర నల్లబడింది. ఆ నలుపులోంచి తండ్రి, ‘దీనికి చలికాలం ఆయాసమొస్తదయ్యా, కాస్త చూసుకోండి’ అన్నాడు. ఆ తర్వాత బొమ్మ వచ్చేసరికి ఆయన అప్పటికే వెనక్కి తిరిగి కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు.

‘ఇప్పుడిది ఫైలమ్మా, ఎంతసేపు ఆపినా అరగదు’ అని చెప్పాను. ఆమె రిమోటు తీసుకుని వెనక్కి తిప్పింది. సరిగ్గా ఆ నలుపు దగ్గర ఆపి, చూస్తూ కూర్చుంది.