రుచి చూశారు, విషమేమో చూడలేదు

డైఎథిలీన్ గ్లైకాల్‌కు రంగుండదు, వాసనుండదు. చిక్కగా ఉంటుంది, నాలుకకు తియ్యగా తగులుతుంది. గ్లిజరిన్ పక్కన పెడితే ఏది ఏదో చూపుతో చెప్పలేం. తేడా ధరలో ఉంది.

గ్లైకాల్ కుటుంబంలో పెద్దది ఎథిలీన్ గ్లైకాల్. ఫ్రెంచి రసాయనవేత్త వుర్ట్జ్ 1850లలో దాన్ని తయారుచేశాడు. చాలాకాలం దాంతో ఎవరికీ పెద్దగా పని పడలేదు. కార్లు పెరిగి, చలిదేశాల్లో రేడియేటర్ నీళ్లు గడ్డకట్టకుండా ఏదైనా కలపాల్సి వచ్చాక 1920లలో అమెరికాలో దానికి గిరాకీ పుట్టింది. ఎథిలీన్ ఆక్సైడ్‌ను నీటితో కలిపి దాన్ని తయారుచేస్తుంటే వెంట వచ్చేదే డైఎథిలీన్ గ్లైకాల్. దేన్నైనా ఇట్టే కరిగించుకుంటుంది, తడి ఆరనివ్వదు. రెజిన్లలోకీ, బ్రేక్ ఆయిల్‌లోకీ, చివరికి సిగరెట్ పొగాకులోకీ చేరింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

1937లో సల్ఫానిలమైడ్ కొత్త మందు. గొంతునొప్పి తెచ్చే సూక్ష్మజీవుల మీద బ్రహ్మాండంగా పనిచేసేది గానీ మాత్రగా, పొడిగా మాత్రమే దొరికేది. టెనెసీ రాష్ట్రంలో మాసెంగిల్ అనే కంపెనీ దాన్ని సిరప్‌గా అమ్మాలనుకుంది. అది నీళ్లలో సరిగా కరగదు. వాళ్ల ముఖ్య రసాయనవేత్త హెరాల్డ్ వాట్కిన్స్ డైఎథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి, రాస్ప్‌బెర్రీ రుచి కలిపాడు. రంగు చూశారు, రుచి చూశారు, వాసన చూశారు. ఒక్క ఎలుకకైనా పట్టి చూడలేదు. ఈ ద్రవం జంతువుల కిడ్నీలను పాడుచేస్తుందని అప్పటికే శాస్త్ర పత్రికల్లో వచ్చింది. వెతికి చదవాలన్న నియమం మాత్రం ఎవరికీ లేదు.

అక్టోబరులో ఓక్లహోమాలోని టల్సా నుంచి మొదటి చావుకబుర్లు వచ్చాయి. తయారైంది 240 గ్యాలన్లు. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు ఊరూరా మందుల షాపులూ, డాక్టర్ల చీటీలూ, రోగుల ఇళ్లూ గాలించి 234 గ్యాలన్ల పైచిలుకు వెనక్కి రాబట్టారు. దొరకని ఆ కాస్తే వందమందికి పైగా ప్రాణాలు తీసింది. వాళ్లలో పిల్లలు ఎందరో. కేసు పెట్టడానికి దొరికిన ఆధారం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. సీసా మీద 'ఎలిక్సిర్' అని ఉంది, అలా పిలిచే మందులో ఆల్కహాల్ ఉండాలి, ఇందులో లేదు. 'ద్రావణం' అని రాసి ఉంటే ఆ కేసు కూడా నిలిచేది కాదు. కంపెనీ 26 వేల డాలర్ల పైచిలుకు జరిమానా కట్టింది. వాట్కిన్స్ ఆత్మహత్య చేసుకున్నాడు.

1938 జూన్‌లో అమెరికా కొత్త చట్టం తెచ్చింది. అమ్మకముందే మందు సురక్షితమని తయారీదారే చూపించాలి. నేటి మందుల భద్రతా పరీక్షల్లో చాలావాటికి వేరు ఇక్కడుంది. ఆ మందులో చంపింది ఏదో తేల్చడానికి షికాగోలో ఎలుకల మీద ప్రయోగాలు చేసినప్పుడు పనిచేసిన విద్యార్థుల్లో ఫ్రాన్సెస్ కెల్సీ ఒకరు. రెండు దశాబ్దాలు దాటాక థాలిడమైడ్ అనే మందుకు అమెరికాలో అనుమతి ఇవ్వకుండా మొండిగా నిలబడింది ఆవిడే.

డైఎథిలీన్ గ్లైకాల్ శరీరంలో ఏం చేస్తుందో స్పష్టంగా తెలియడానికి మరెన్నో ఏళ్లు పట్టింది. కాలేయంలోని ఎంజైములు దీన్ని విడగొట్టే క్రమంలో డైగ్లైకాలిక్ ఆమ్లం పుడుతుంది. అది కిడ్నీలోని సన్నని నాళాల కణాలను చంపేస్తుంది. ముందు వాంతులు, కడుపునొప్పి, తర్వాత మూత్రం ఆగిపోవడం. జ్వరం, దగ్గుతో ఉన్న బిడ్డకు వాంతులైతే జబ్బు ముదిరిందనే అనుకుంటాం, ఇంకో చెంచా మందు పోస్తాం. దగ్గర చుట్టం ప్రొపిలీన్ గ్లైకాల్‌ను మాత్రం శరీరం లాక్టిక్ ఆమ్లంగా మార్చి వాడేసుకుంటుంది. అందుకే సిరప్‌లలో వాడేది దాన్ని. అసలు ప్రమాదమూ అక్కడే: ఆ డబ్బాలోకి డైఎథిలీన్ గ్లైకాల్ చేరితే పైకి ఏమీ తెలియదు.

మన దేశానికి ఇది కొత్త కాదు. 1986లో ముంబయి జె.జె. ఆసుపత్రిలో కల్తీ గ్లిజరిన్ 14 మందిని బలిగొంది. జస్టిస్ లెంటిన్ కమిషన్ దాని మీద విచారించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కోల్డ్‌రిఫ్ అనే దగ్గుమందు తాగి 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. సిరప్‌లో డైఎథిలీన్ గ్లైకాల్‌కు అనుమతించే పరిమితి 0.1 శాతం. తమిళనాడు ప్రభుత్వ పరీక్షలో ఒక బ్యాచ్‌లో తేలింది 48.6 శాతం. ఇది పొరపాటున అంటిన మరక కాదు, దాదాపు సగం సీసా. ఆ బ్యాచ్ సీసాలు వాడొద్దని తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ కూడా హెచ్చరిక ఇచ్చింది.

గాంబియాలో 2022లో పిల్లలు చనిపోయి, వేళ్లన్నీ భారత్‌లో తయారైన సిరప్‌ల వైపు తిరిగాక, 2023 జూన్ 1 నుంచి మన ప్రభుత్వం ఒక నియమం పెట్టింది. దగ్గుమందు ఓడెక్కే ముందు ప్రభుత్వ ప్రయోగశాల ధ్రువపత్రం ఉండాలి. ఛింద్వాడాలో అమ్మిన సిరప్‌కు అది వర్తించలేదు. అది ఎగుమతి సరుకు కాదు.