కాలిన చోట ఖాళీ

నాచారంలో ఇల్లు, ఉప్పల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగం. మ్యాపుల మీద కాంటూరు గీతల్ని మేం కలంతో గీసేవాళ్లం కాదు, గీరేవాళ్లం. దాన్ని స్క్రైబింగ్ అంటారు. రంగు పూత ఉన్న ప్లాస్టిక్ షీటును లైట్ టేబుల్ మీద పరిచి, సూదిమొనతో పూత లేపితే కింది వెలుతురు సన్నటి దారంలా పైకొచ్చేది. చెయ్యి కాస్త బరువైతే గీత లావెక్కేది. లేచిన పొట్టును కుంచెతో తోసేసి మళ్లీ మొదలుపెట్టాలి.

మూడు వందల ఏళ్ల ముందు ఇదే పనిని రాగిరేకు మీద చేసినవాడు వెన్సెస్లాస్ హోలర్. రేకు మీది మైనం పూతను సూదితో గీరితే రాగి బయటపడుతుంది. ఆమ్లం అక్కడే తింటుంది. ఆ గాట్లలో సిరా నింపి, పైపైన తుడిచి, తడి కాగితం వేసి రోలర్ల మధ్య నొక్కుతారు. అచ్చులో కుడి ఎడమలు మారిపోతాయి కాబట్టి ఊరినంతా తిరగేసి గీయాలి.

1607లో ప్రాగ్‌లో పుట్టిన హోలర్, అరండెల్ ప్రభువు వెంట 1636లో ఇంగ్లండు చేరాడు. అక్కడ అంతర్యుద్ధం రేగాక ఆంట్‌వెర్ప్ వెళ్లిపోయి, పాత స్కెచ్చులు ముందేసుకుని థేమ్స్ ఒడ్డున పరుచుకున్న లండన్‌ను 1647లో పొడవాటి చిత్రంగా అచ్చువేశాడు. అందులో గ్లోబ్ నాటకశాల పేరు పక్కనున్న ఎలుగుబంట్ల పందేల శాలకు, దాని పేరు గ్లోబుకు పడ్డాయి. మా దగ్గరైతే పేరు తప్పిన షీటు వెనక్కొచ్చేది. కట్టడాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. నాకు ముఖ్యం అదే.

ఆయన గంటల లెక్కన పనిచేసేవాడు. గంటకు నాలుగు పెన్నీలు. ఎదురుగా ఇసుక గడియారం ఉండేది. ఎవరైనా మాట్లాడటానికొస్తే, ఆ సమయానికి కూలి పడకుండా దాన్ని పక్కకు పడుకోబెట్టేవాడట. ఎంత నిజాయితీ! దాదాపు 2,700 రేకులు చేసిన ఆ మనిషి 1677లో చావుబతుకుల్లో ఉండగా అప్పులవాళ్లు మంచం కోసం వచ్చారని చెబుతారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అదే కాలపు రెంబ్రాంట్‌ను అందరూ మెచ్చుకుంటారు, తగినవాడే. నా ఓటు మాత్రం హోలర్‌కే. 1666 సెప్టెంబరులో లండన్ తగలబడి 13,000కు పైగా ఇళ్లు పోయాయి. అదే ఏడాది ఆయన వేసిన మ్యాపులో మిగిలిన ఇళ్లన్నీ బొమ్మలుగా గీశాడు. కాలిన మేర వీధుల గీతలు ఉంచి మిగతాదంతా తెల్లగా వదిలాడు, ఆ ఖాళీయే కాలిన భాగమని పైన రాశాడు. ఉప్పల్‌లో ఇప్పుడు మ్యాపింగ్ నేర్చుకునే పిల్లలకు మొదటి రోజే ఆ షీటు చూపించాలని నా కోరిక.