ఉప్పు, జీతం, పెన్షన్ – కొన్ని మాటల చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించి ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్ర వ్రాసే పాండిత్యం నాకు లేదు. ముప్పై రెండేళ్లు గుమాస్తాగా బిల్లులు వ్రాసి విరమించినవాణ్ణి. అందుచేత మన బ్రతుకులతో ముడిపడిన కొన్ని మాటల చరిత్రను తెలిసినంతలో మనవి చేస్తాను.

మాది సంతబొమ్మాళి మండలంలో నౌపడ దగ్గర పల్లె. మా నాన్న ఉప్పు మడుల్లో కూలి. సంక్రాంతి వెళ్లింది మొదలు తొలకరి పడేదాకా పని. మడుల్లో ఎండి గడ్డకట్టిన ఉప్పును కర్ర పలకతో గట్టుకు లాగి పోగులు పెట్టేవారు. కాళ్ల పగుళ్లలో ఉప్పు దిగి రాత్రుళ్లు మంట. వాన పడితే పనీ లేదు, కూలీ లేదు. నా మొదటి జీతం తెచ్చి చేతిలో పెడితే ఆయన చాలాసేపు చూసి, "నీది జీతంరా, నాది కూలి. రెండూ ఒకటి కావు" అన్నారు.

ఆఫీసులో ఒక పెద్దాయన "శాలరీ అంటే ఉప్పేనోయ్! రోమను సిపాయిలకు ఉప్పే జీతంగా కొలిచేవారు" అనేవారు. నేనూ ఎన్నో వీడ్కోలు సభల్లో ఈ మాట చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. విరమణ తర్వాత పుస్తకాలు తిరగేస్తే అందులో సగమే నిజమని తేలింది.

లాటిన్‌లో ఉప్పు 'సాల్'. దాని నుంచే 'సలారియుమ్', అందులోంచి ఇంగ్లీషు 'శాలరీ' వచ్చాయి. ఇంతవరకు నిజం. క్రీ.శ. 79లో మరణించిన ప్లినీ అనే రోమను పండితుడు తన ప్రకృతి చరిత్రలో ఈ రెంటినీ ముడిపెట్టాడు. కాని సిపాయిలకు ఉప్పునే జీతంగా ఇచ్చారనడానికి ప్రాచీన ఆధారం లేదు. వారి జీతం నాణేలే. దాని పేరు 'స్టిపెండియుమ్', అదే నేటి మన స్టైపెండ్.

లాటిన్ సంతతి భాషల్లో ఒకటైన రుమేనియన్‌లో ఉప్పును 'సారె' అంటారు. రెండు అచ్చుల నడుమ 'ల'కారం ఆ భాషలో 'ర'కారమైంది. మన ఆడపిల్ల అత్తవారింటికి తీసుకువెళ్లే సారెకూ దానికీ చుట్టరికం లేదు. అలాగే మన ఫైళ్లలో వ్రాసుకున్న 'సాలీనా' కూడా శాలరీకి బంధువు కాదు. అది సంవత్సరమనే అర్థం గల 'సాల్' అన్న పారశీక పదం నుంచి వచ్చింది. లాటిన్‌లో 'సాల్' ఉప్పు, పారశీకంలో 'సాల్' ఏడాది! చెవికి ఒకేలా వినబడినంత మాత్రాన మాటలు బంధువులు కావు.

ఇక పెన్షన్ సంగతి. లాటిన్‌లో 'పెండెరె' అంటే వ్రేలాడదీయడం, త్రాసులో తూచడం, తూచి చెల్లించడం. నాణేలు రాకముందు లోహాన్ని తూచి ఇచ్చేవారు కదా! పెన్షన్, పైన చెప్పిన స్టైపెండ్ ఆ మాట నుంచే పుట్టాయి. వ్రేలాడటమనే అర్థంలోంచి 'పెండింగ్' పుట్టింది. అంటే పెన్షన్, పెండింగ్ ఒకే కడుపున పుట్టిన అప్పచెల్లెళ్లు! నా పెన్షన్ కాగితాలు పద్నాలుగు నెలలు పెండింగులో ఉన్నప్పుడు ఈ సంగతి తెలిసి ఉంటే, కోపం కొంత తగ్గేదేమో.

మరి మన 'జీతం'? అది సంస్కృత 'జీవితం' నుంచి వచ్చింది. బ్రతకడానికి ఆధారం అని భావం. 'కూలి' మన ద్రావిడ పదం, తమిళులూ ఇదే అర్థంలో వాడతారు. నాన్న చదువుకోలేదు గాని, రెండూ ఒకటి కావన్న మాట ముమ్మాటికీ నిజం. ఉప్పు పేరు పెట్టుకున్న జీతం నెలనెలా నాకు అందింది. ఉప్పు తీసిన ఆయనకు అందలేదు. నడుము వంగేదాకా మడుల్లో నిలబడ్డ మనిషి చివరి రోజుల్లో చుట్టకు కూడా నన్నే అడగవలసి వచ్చింది. ఆ మొహమాటం నేను మరువలేను.

ఈ ప్రాంతపు సభ్యులకు ఒక్క మనవి. దరఖాస్తులు పూర్తి చేయడం మనకు వెన్నతో పెట్టిన విద్య. మన ఊళ్లలో ముసలివారైన ఉప్పు కూలీలకు వృద్ధాప్య పింఛను కాగితాలు మనమే వ్రాసి పెడదాం. ఇన్నేళ్లూ తిన్న ఉప్పు ఋణం కొంతైనా తీరుతుంది.