రెండు జాబితాలు

విజయనగరం మహారాజు ఆనంద గజపతి పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదంలో ఒక జాబితా తయారు చేయించారు. విశాఖపట్నం జిల్లాలో, ఏజన్సీ కాని ప్రాంతాల్లో, మూడేళ్ళలో బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని జరిపిన పెళ్ళిళ్ళ జాబితా అది. గురజాడ అప్పారావుగారు 1897లో “కన్యాశుల్కం” తొలి కూర్పుకు ఇంగ్లీషులో రాసిన పీఠికలో దాని లెక్క వివరంగా ఇచ్చారు. మొత్తం పెళ్ళిళ్ళు 1,034. అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల తలకు 350 నుంచి 400 రూపాయలు. కడుపులో వున్న బిడ్డకు కూడా బేరాలు కుదిరేవట.

ఏటేటా బి.ఏ. విద్యార్థులకు ఈ నాటకం చెబుతూ ఈ అంకెలను నల్లబల్ల మీద రాస్తాను. కూడి చూస్తే అయిదేళ్ళూ అంతకు తక్కువా వయసు పిల్లలు 188 మంది. అంటే అయిదింట ఒకవంతుకు కొంచెమే తక్కువ. పిల్లలు నిట్టూర్చి, పుస్తకాల్లో ఎక్కించుకుంటారు. పరీక్షలో రాస్తారు. నేను మార్కులు వేస్తాను. ఇంతటితో ఒక సాంఘిక దురాచారం మీద మా కళాశాల చేసే పోరాటం ముగుస్తుంది.

అయితే ఆ పీఠికలో అంకెలకంటె ముఖ్యమైన మాట ఒకటి వున్నదని చాలా ఆలస్యంగా గ్రహించాను. ఆ జాబితా అసంపూర్ణమన్నారు గురజాడ. ఎందుకంటే శుల్కం పుచ్చుకున్నామని ఒప్పుకునేందుకు సంబంధితులు ఇష్టపడలేదు. గమనించండి: పిల్లను అమ్మటానికి వెనుదీయని తండ్రి, అమ్మానని చెప్పటానికి వెనుదీశాడు. ఈ సంకోచం ఎక్కడిది? దీన్ని పట్టుకుని పోతే మన మతజీవితంలోని కపటం ఆనుపానులన్నీ బయటపడతాయి.

మనుస్మృతి ఎనిమిది రకాల వివాహాలు చెప్పింది. తండ్రి తానే పిలిచి, వేదవిదుడైన వరుడికి అలంకరించిన కన్యను దానమిస్తే అది బ్రాహ్మం. వరుడు కన్య బంధువులకు ధనమిచ్చి తెచ్చుకుంటే అది ఆసురం. కన్యకు శుల్కం అణుమాత్రం పుచ్చుకున్న తండ్రి సంతానాన్ని అమ్ముకున్నవాడేనని కూడ మనువు నిర్మొహమాటంగా అన్నాడు. అగ్రహారాల్లో ఈ శ్లోకం తెలియని అవధాని వుండడు. అయినా ఆ 1,034 పెళ్ళిళ్ళలో పురోహితుడు లేని పెళ్ళి ఒక్కటీ వుండి వుండదు. రాత్రి పెరటి వసారాలో రూపాయలు లెక్కపెట్టుకున్న చేతులతోనే తెల్లవారి కన్యాదానపు ధార పోశారు. బేరం ఆసురం, మంత్రం బ్రాహ్మం. వీరేశలింగంగారు ముసలివాడికి పసిపిల్లను కట్టబెట్టే కథతో రాసిన ప్రహసనానికి “బ్రహ్మవివాహము” అని పేరు పెట్టటంలో వున్న వెక్కిరింత ఇదే.

ఈ కపటానికి న్యాయస్థానాలు కూడ ముద్ర వేశాయి. పిల్లలు లేకుండా చనిపోయిన స్త్రీ ధనం బ్రాహ్మాది వివాహమైతే భర్తకూ, ఆసురమైతే పుట్టింటికీ చెందాలని ధర్మశాస్త్రం. కనుక ఏ పెళ్ళి ఏ జాతిదో తేల్చే పని బ్రిటిష్‌వారి కోర్టుల మీద పడింది. వారు పెట్టుకున్న సూత్రం ఇది: హిందువుల పెళ్ళి ఏదైనా సరే బ్రాహ్మమనే ముందుగా భావించాలి, కాదన్నవాడు రుజువు చేసుకోవాలి. డబ్బు పుచ్చుకున్నవాడు చెప్పడు, ఇచ్చినవాడు చెప్పడు, ఇక రుజువెక్కడిది? దేశంలోని పెళ్ళిళ్ళన్నీ కాగితం మీద పవిత్రమైపోయాయి.

దీనికంతటికీ లోభమే కారణమని సరిపెట్టుకుంటే పొరపాటు. లోభి అన్ని కాలాల్లోనూ వుంటాడు. ఆ లోభానికి అంగడి కట్టి ఇచ్చింది ధర్మమే. భార్య పోయిన మగవాడు అరవయ్యో యేట కూడ మళ్ళీ పెళ్ళాడవచ్చు. కాని వితంతువును చేసుకోరాదు. రజస్వల కాకముందు పిల్లకు పెళ్ళి చేయకపోతే తండ్రికి పాపం. ఈ మూడు నియమాలూ కలిపి చూడండి. ముసలివాడికి కావలసింది పసిపిల్ల మాత్రమే అవుతుంది. వాడు చచ్చిపోగానే ఆ పిల్ల వితంతువై పెళ్ళిళ్ళ లెక్కలోనుంచి శాశ్వతంగా తొలగిపోతుంది. తరువాతి ముసలివాడికి మరో పసిపిల్ల కావాలి. సరుకు తగ్గుతుంది, వెల పెరుగుతుంది. 1856లోనే వితంతు వివాహ చట్టం వచ్చినా, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు తొలి వితంతు వివాహం చేయించగానే వెలివేతలూ ప్రాయశ్చిత్తాలూ ఎందుకు చెలరేగాయో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. ఆ ఒక్క పెళ్ళి, అంగడి పునాదిని తాకింది.

ఇదే కాలంలో మన పల్లెల్లో శ్రమజీవుల కులాల్లో ఓలి అనే ఆచారం వుండేది. అక్కడ కూడ మగపెళ్ళివారే సొమ్ము ఇచ్చేవారు. కాని పదిమంది పెద్దల ఎదుట, దాపరికం లేకుండా ఇచ్చేవారు. ఆ కులాల్లో చాలావాటిలో మారుమనువు వున్నది. పొసగకపోతే విడిపోవటం వున్నది. ఆడది పొలంలో చేసే పనికి విలువ కూడ వున్నది. అదంతా స్వర్గమని నేననను. కాని అక్కడ దేవుడి పేరుతో అబద్ధమాడవలసిన అవసరం లేకపోయింది. విచారమేమంటే, ఆ కులాల్లో నాలుగు డబ్బులు చేరి, పై కులాల మర్యాద మీద మోజు పుట్టగానే ఓలి పోయి కన్యాదానం వచ్చింది, దాని వెంట కట్నమూ వచ్చింది. దీన్ని మనవాళ్ళు నాగరికత అన్నారు.

కన్యాశుల్కాన్ని ఆపటానికి ఆనంద గజపతి మద్రాసు శాసన మండలిలో బిల్లు ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. బాల్యవివాహాలను నిషేధించే శారదా చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి రావలసి వుండగా, ఆ మధ్య నెలల్లో దేశమంతటా పసిపిల్లల పెళ్ళిళ్ళు హడావుడిగా జరిగిపోయాయి. మరుసటి ఏడు జనాభా లెక్కల్లో ఆ ఫలితం కనిపించింది. ముహూర్తాలు గ్రహాలు నిర్ణయిస్తాయంటారు. ఆ ఏడాది మాత్రం చట్టం గడువు నిర్ణయించింది.

చివరకు కన్యాశుల్కం పోయింది. ధర్మబోధ వల్ల పోలేదు. ఇంగ్లీషు చదువూ గుమాస్తా ఉద్యోగమూ వచ్చి, నెల జీతం తెచ్చే పెళ్ళికొడుకు అరుదైన సరుకైనప్పుడు బేరం తలకిందులైంది. అయితే శుల్కానికీ కట్నానికీ ఒక పెద్ద తేడా వున్నది. శుల్కాన్ని శాస్త్రం పేరుపెట్టి తిట్టింది. కనుక అది దాక్కోవలసి వచ్చింది. కట్నానికి శాస్త్రంలోనే నీడ దొరికింది. “సాలంకృత కన్యాదానం” అన్న ఒక్క మాట చాలు. అలంకరించి ఇమ్మని చెప్పారు గదా, మేం అడిగేది అలంకారమే గదా అంటారు. పిలిచి ఇచ్చేవాడు తండ్రి అని శాస్త్రం చెప్పింది గాని, చేయి చాచి అడిగేవాడు వరుడని చెప్పలేదు. ఈ సంగతి గుర్తుచేసే పురోహితుణ్ణి నేనింకా చూడలేదు. ఆయన దక్షిణ కూడ ఆ సొమ్ములోదే.

వరకట్న నిషేధ బిల్లు మీద ఉభయసభలకూ పొత్తు కుదరక, 1961లో పార్లమెంటు చరిత్రలో మొట్టమొదటి సంయుక్త సమావేశం జరపవలసి వచ్చింది. అంత శ్రమపడి చేసిన చట్టంలో కానుకలకు సందు మిగిలింది. ఆ సందు మూయటానికి 1985లో నిబంధనలు చేశారు. వాటి ప్రకారం పెళ్ళిలో ఇచ్చిన ప్రతి కానుకకూ జాబితా రాయాలి. వస్తువు ఏమిటి, సుమారు ఖరీదెంత, ఇచ్చినవారెవరు, వారికి వున్న చుట్టరికమేమిటి అన్నీ రాసి వధూవరులు సంతకం చేయాలి. అంటే ఆనంద గజపతి గుమాస్తాల చేత రాయించబోయి పూర్తిచేయలేకపోయిన జాబితాను, ఈ దేశం ప్రతి ఇంటినీ తానే రాసుకొమ్మన్నది. మీరు ఎన్నో పెళ్ళిళ్ళకు వెళ్ళి వుంటారు. వంటల జాబితా చూసి వుంటారు, చదివింపుల పుస్తకమూ చూసి వుంటారు. సంతకాలున్న ఈ జాబితా ఎక్కడైనా చూశారా?

చూడకపోవటానికి కారణం నేను నా ఇంటినుంచే చెప్పగలను.

నా పెళ్ళి తొమ్మిదేళ్ళనాడు అయింది. మా నాన్న పూజ చేయనిదే మంచినీళ్ళు ముట్టని మనిషి; ఒకరి సొమ్ము ఎరగడని వూళ్ళో పేరు. మా మామగారు ఎకరంన్నర పల్లపు పొలం అమ్మి తెచ్చిన ఎనిమిది లక్షలను మా దేవుడి గదిలో, పసుపు కుంకుమలు పెట్టిన పళ్ళెంలో, వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టించారు. “ఇది కట్నం కాదురా. దేవుడి ముందు పెట్టిన సొమ్ము” అన్నారు నాతో. ఆ సొమ్ముతో మా ఇంటి అప్పు తీరింది. ఆ ఏడే నేను “కన్యాశుల్కం” మీద ఒక వ్యాసం రాసి, సభలో చదివి, శాలువా కప్పించుకున్నాను. దేవుడి గది గుమ్మంలో నిలబడి నేను ఒక్క మాట కూడ అనలేదు.

మా నాన్న కపటి అని రాస్తే నాకు సుఖంగా వుండేది. కాని ఆయన తన దృష్టిలో కపటం చేయలేదు. దేవుడి ముందు పెడితే సొమ్ము శుద్ధి అవుతుందని మనఃపూర్వకంగా నమ్మారు. మతం ఇక్కడ చేసే పని ఇదే: మనిషి తనకు తానే అబద్ధం చెప్పుకునే శ్రమ లేకుండా చేస్తుంది. కపటి నేను. నాకు ఆ నమ్మకం లేదు, సొమ్ము మాత్రం పనికివచ్చింది. గురజాడ అగ్నిహోత్రావధానుల్నీ లుబ్ధావధానుల్నీ మాత్రమే చిత్రించి వూరుకోలేదు. వితంతు వివాహం మీద లెక్చర్లు దంచే గిరీశాన్ని కూడ చిత్రించారు. మనం మొదటి ఇద్దరి మీద నవ్వి, మూడోవాణ్ణి చూసి ముచ్చటపడతాం. ఆ ముచ్చటలో మన ముఖం దాచుకుంటున్నామని నాకిప్పుడనిపిస్తున్నది.

ఈ వేసవి సెలవుల తరువాత మా తరగతిలో మూడు బల్లల మీద ముగ్గురు అమ్మాయిలు కనిపించలేదు. అడిగితే పెళ్ళిళ్ళయ్యాయన్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఇరవై – ఇరవైనాలుగేళ్ళ స్త్రీలలో పద్ధెనిమిది నిండకుండా పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మందికి పైగా, తెలంగాణలో 23 మందికి పైగా వున్నారు. ప్రభుత్వ నేరాల లెక్కల ప్రకారం 2022 ఒక్క ఏడాదిలో దేశంలో ఆరువేలకు పైగా వరకట్న మరణాలు నమోదైనాయి. చనిపోయినవాళ్ళే జాబితాకు ఎక్కుతున్నారు. బతికివున్నవారి లెక్క ఇప్పటికీ, గురజాడ నాటిలాగే, చెప్పటానికి ఇష్టపడనివారి దగ్గరే వుండిపోయింది.

ఆ సాయంత్రం మరునాటి పాఠానికి మళ్ళీ ఆ అంకెలు రాసుకుంటుంటే నా భార్య వచ్చి చూసింది. “ఏమండీ, ఆ మహారాజుగారు ఇప్పుడుంటే మనింటికి గుమాస్తాని పంపేవారా?” అన్నది. “పంపితే మీరు ఏం రాయించేవారు?” అని కూడ అడిగింది. తొమ్మిదేళ్ళలో ఆమె ఈ సంగతి ఎత్తటం అదే మొదలు. నేను జవాబు చెప్పలేకపోయాను.

పుచ్చుకున్న కట్నం ఎవరి చేతిలో వున్నా భార్యకే చెందుతుందని, దాన్ని ఆమెకు అప్పగించాలని 1961 చట్టమే చెబుతున్నది. అప్పగించవలసిన గడువు ఎప్పుడో దాటిపోయింది. అయినా ఆ రాత్రి ఇద్దరం కూర్చుని జాబితా రాశాం. రొక్కం ఎనిమిది లక్షలు. బంగారం ఇరవై తులాలు. మోటారు సైకిలు ఒకటి. ఇచ్చినవారు, మా మామగారు. చుట్టరికం గడి దగ్గర కలం కాసేపు ఆగింది. సంతకాలు చేశాం. నెలనెలా నా జీతంలోనుంచి కొంత ఆమె పేరున బ్యాంకులో వేయటం మొదలుపెట్టాను. ఇలా తీరటానికి చాలా ఏళ్ళు పడుతుంది. మా నాన్న ఈ సంగతి తెలిసి వారం రోజులు నాతో మాట్లాడలేదు. దేవుడి దగ్గర పెట్టిన సొమ్ముకు లెక్కలేమిటని ఆయన బాధ.

ఇది గొప్పగా చెప్పుకునేందుకు రాయలేదు. ఒక నేరాన్ని అచ్చులో ఒప్పుకుంటున్నానని నాకు తెలుసు. అభ్యుదయ రచయితలమని చెప్పుకునే మనం దేవాలయాల మీద, పీఠాధిపతుల మీద, పండితుల మీద వ్యాసాలు రాస్తాం. రాయవలసిందే. కాని ఆ వ్యాసం రాసిన కలంతోనే ఈ రెండో జాబితా కూడ రాయకపోతే, నూరేళ్ళ తరువాత మరో లెక్చరరు మన కాలాన్ని పాఠం చెబుతూ, ఈ జాబితా అసంపూర్ణమని నల్లబల్ల మీద రాయవలసి వస్తుంది; ఎందుకంటే సంబంధితులు ఒప్పుకోవటానికి ఇష్టపడలేదని.