మదనపల్లె మంచం మీద నేర్చిన బెంగాలీ

మదనపల్లె ఊరు దాటి కొంచెం దూరం పోతే ఆరోగ్యవరం వస్తుంది. క్షయకు మందు లేని రోజుల్లో, 1915లో, అక్కడ యూనియన్ మిషన్ టీబీ శానిటోరియం మొదలైంది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నిలబెట్టారు. సముద్రమట్టానికి రెండు వేల అడుగుల పైన ఉన్న నేల, పొడిగాలి, చల్లటి రాత్రులు. క్షయకు పనిచేసే స్ట్రెప్టోమైసిన్ మందును కనిపెట్టింది 1943లో. అంతకుముందు వైద్యమంటే మంచి గాలి, మంచి తిండి, కదలకుండా పడుకోవడం. జబ్బు పట్టిన ఊపిరితిత్తిని కొన్నాళ్లు పనిచేయనీయకుండా ఉంచడానికి ఛాతీలోకి గాలి ఎక్కించే పద్ధతి కూడా ఉండేది. చేరినవాళ్లకు నెలల తరబడి మంచం దిగే పని లేదు.

అట్లా పడుకున్నవాళ్లలో తెనాలి కుర్రవాడొకరు ఉన్నారు. 1908లో పుట్టిన ఆలూరి వెంకట సుబ్బారావు. హిందీ నేర్పిన వ్రజనందన శర్మ ఆయనకు పెట్టిన కలం పేరు చక్రపాణి. 1930ల తొలినాళ్లలో చికిత్సకు మదనపల్లె వచ్చిన ఆయన ఆ తీరిక కాలంలో బెంగాలీ నేర్చుకున్నారు. పక్కన మృత్యువు కూచుని ఉండగా కొత్త భాష అక్షరాలు దిద్దడానికి ఎంత గుండె కావాలో ఆలోచిస్తే ఆశ్చర్యమేస్తుంది. తెలుగులో ప్రేమ హాస్యానికి, అంటే పెళ్లి చుట్టూ తిరిగే ఆ తీయటి గందరగోళానికి, సినిమాలో ఒక దారి వేసిన రచయిత తయారైంది ఆ మంచం మీదే.

మదనపల్లెకు బెంగాలీ అప్పటికే కొత్త కాదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి థియోసాఫికల్ కాలేజీకి వచ్చారు. అనీబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ అది, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్. 'జనగణమన'ను కవి ఇక్కడే ఇంగ్లీషులోకి మార్చారు. మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరాలు రాసిపెట్టారు. ఆ సంగతి ఊరంతా గర్వంగా చెప్పుకుంటుంది, చెప్పుకోవాలి కూడా. ఆరోగ్యవరంలో బెంగాలీ నేర్చిన రోగి గురించి మాత్రం అంతగా చెప్పుకోరు.

ఆరోగ్యం కుదుటపడ్డాక చక్రపాణి బెంగాలీ రచయిత శరత్‌బాబు నవలలను తెలుగు చేశారు. శరత్ తెలుగువాడేననుకున్న పాఠకులు ఎందరో ఉండేవారని పాతతరం వాళ్లు చెబుతారు. ప్రేమించిన పిల్లకూ పెద్దల మాటకూ మధ్య నలిగిపోయి ఏడిపించే కథలు అవి. చిత్రమేమిటంటే అంత కన్నీటిని అనువదించిన చెయ్యే తర్వాత నవ్వించే పెళ్లి కథలకు తిరిగింది. 1945లో 'స్వర్గసీమ'కు రాసి, 1947 జులైలో నిర్మాత నాగిరెడ్డితో కలిసి పిల్లల పత్రిక 'చందమామ' తెచ్చి, 1950లో విజయా సంస్థ వారి తొలి సినిమా 'షావుకారు'కు కథ ఇచ్చాక, చక్రపాణి 1952లో 'పెళ్లి చేసి చూడు' రాశారు. ఒప్పుకున్న కట్నం ముట్టలేదని పెళ్లికొడుకు తండ్రి పీటల మీదనుంచి కొడుకుని లాక్కుపోతాడు. కొడుకు పిచ్చి పట్టినట్టు నటిస్తాడు, కట్టుకున్న పిల్ల నర్సు వేషంలో అత్తింట్లో అడుగు పెడుతుంది. తాళి పడ్డాక ఆ ఇద్దరూ దొంగచాటుగా ప్రేమించుకోవాల్సి రావడమే కథ.

కట్నం మీద అంతకుముందే నాటకాలున్నాయి. కాళ్లకూరి నారాయణరావు 'వరవిక్రయం' 1939లో సినిమాగా వచ్చింది, భానుమతి తొలి చిత్రమది. దాని కోపం గట్టిది, దాని బాధ నిజమైనది. చక్రపాణి అదే గాయాన్ని పట్టుకుని జనాన్ని నవ్వించారు. నవ్వుతూనే ప్రేక్షకుడు తన ఇంటి పెళ్లిని గుర్తుచేసుకుని కాస్త సిగ్గుపడేలా చేశారు. ఇది ఇంకా కష్టమైన పని.

ఆయన పనితనం పూర్తిగా కనిపించేది 'మిస్సమ్మ'లో. 1955 జనవరి 12న తెలుగులో, రెండు రోజుల తర్వాత తమిళంలో 'మిస్సియమ్మ'గా వచ్చింది. మూలం బెంగాలీ: రవీంద్రనాథ్ మైత్ర రాసిన 'మన్మొయీ గర్ల్స్ స్కూల్', శరదిందు బంద్యోపాధ్యాయ రాసిన ఒక డిటెక్టివ్ కథ. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్, మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు. ఒక జమీందారు తన బడికి భార్యాభర్తలే పంతుళ్లుగా కావాలంటాడు. ఉద్యోగం లేని రావు, అప్పుల్లో ఉన్న క్రైస్తవ యువతి మేరీ, మొగుడూ పెళ్లాలమని చెప్పి చేరతారు. ఒకే ఇల్లు, రెండు మతాలు, మధ్యలో అబద్ధం.

ఇప్పటి కుర్రకారు డేటింగ్ అనే పేరుతో చేసే పనిని 1955లో పెద్దల కళ్లముందే జరిపించడానికి చక్రపాణి ఎంచుకున్న ఎత్తు ఇది. పెళ్లికి ముందు ఇద్దరు ఒకరినొకరు తెలుసుకోవాలంటే వాళ్లకు పెళ్లయినట్టు ఊరు నమ్మాలి. ఆవిడ కోపాలు, ఆయన సర్దుబాట్లు, ఆ ఇంట్లో పూజా ప్రార్థనల పేచీలు, అన్నీ ఆ అబద్ధం నీడలో నడుస్తాయి. పెళ్లి పేరు మాత్రమే ఉన్న చోట స్నేహం ముందు పుడుతుంది.

ఆ సినిమాలోనే మేనరికం కూడా ఉంది. జమీందారు మేనల్లుడు రాజు, డిటెక్టివ్ పిచ్చి ఉన్నవాడు. తప్పిపోయిన జమీందారు కూతురు దొరికితే వాడికే ఇవ్వాలన్నది పెద్దాయన మనసు. పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో ఈ ముక్కను ఎవరికీ విడమరచి చెప్పనక్కర లేదు. మేనబావకో, ఏకంగా అమ్మ తమ్ముడికో పిల్లనివ్వడం రాయలసీమ ఈ కొసన, ఆవల తమిళ, కన్నడ పల్లెల్లో తరాలుగా సాగిన ఆచారం. ఊయల్లో ఉన్న పిల్లను చూపించి "నీ పెళ్లాం" అని మామను ఆటపట్టించే ఇళ్లవి. పుట్టుకతోనే వరుస ఖాయమైపోయే చోట, ఎవరో తెలియని ఇద్దరు కలిసి ఇల్లు నడుపుతూ మనసు తెలుసుకోవడం అన్నది ఎంత కొత్త ఊహ!

కథ ముగింపులో చక్రపాణి వెనక్కి తగ్గారు. మేరీ నిజానికి జమీందారు తప్పిపోయిన కూతురు మహాలక్ష్మేనని తేలుతుంది. మతం అడ్డు తనంతట తనే తొలగిపోతుంది. అప్పటి జనానికి ఆ గుట్టు విప్పితే ఎంత హాయిగా ఉందో, ఈ కాలంలో చూస్తే అంత వెలితిగా ఉంటుంది. మేరీ మేరీగానే ఉండి రావును చేసుకుని ఉంటే బాగుండేది. అయినా సినిమా సగానికి పైగా ఆమెను మేరీగానే ప్రేమించమని ప్రేక్షకుణ్ని అడుగుతుంది, ప్రేక్షకుడు ప్రేమిస్తాడు. ఆ పని అప్పటికే జరిగిపోయింది.

ఈ కథలు భాషలు దాటుతూనే బతికాయి. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ'కు మూలం విఠలాచార్య కన్నడంలో తీసిన 'మనె తుంబిద హెణ్ణు'. దాన్ని తెలుగు ఇంటికి తగ్గట్టు మలచడంలో చక్రపాణి చెయ్యి పెద్దది. ధనవంతుడి కొడుకు పనివాడి వేషంలో వచ్చి ఆ ఇంటి పిల్ల మనసు గెలుస్తాడు. ఇక్కడా పరిచయానికి వేషమే కావాల్సి వచ్చింది.

మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో ఒకే ఇంట్లో తెలుగు, తమిళం, కన్నడం వినపడటం మామూలు. మద్రాసు, బెంగళూరు రైలుదారి మీదున్న ఊరు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం అక్కడ వెలిసింది. అనువాదం అక్కడ చదువుగా చెప్పే సంగతి. 'మిస్సమ్మ'ను తెలుగులోనూ తమిళంలోనూ చూసిన కుప్పం మనిషికి మేరీ ఒక్కతే, సావిత్రి. తెలుగులో ఆమె పక్కన ఎన్.టి. రామారావు, తమిళంలో జెమినీ గణేశన్. పెళ్లికాని జంట పెళ్లయినట్టు నటించే ఆ తమిళ కథ తీసే నాటికి సావిత్రి, జెమినీ గణేశన్ నిజంగానే భార్యాభర్తలు. 1952లో, ఎవరికీ చెప్పకుండా చేసుకున్న పెళ్లి అది.