సొంతవాదన: సాక్ష్యాల కూర్పు

వకీలును పెట్టుకోకుండా కక్షిదారుడే దావా నడుపుకొనే పద్ధతి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 3వ ఆర్డరు ఇందుకు వీలిస్తుంది. కడప జిల్లా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కోర్టుల్లోనూ వాది పత్రాలకు ఎ-1, ఎ-2 అని, ప్రతివాది పత్రాలకు బి-1, బి-2 అని గుర్తులు వేస్తారు. దావాతోపాటే పత్రాల జాబితా జతచేయాలి.

అప్పు దావాలో ప్రాంసరీ నోటు వెనకవైపే ఒక్కోసారి ప్రాణం. దావా వేసేందుకు ఉన్న మూడేళ్ల గడువు దాటకముందే బాకీదారు సంతకంతో చెల్లు (బాకీలో కొంత కట్టినట్టు రాత) పడి ఉంటే, గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. నోటుకు చిల్లులు పొడిచి ఫైలులో కట్టడం తెలివితక్కువ పని.

భూతగాదాలో పాసుపుస్తకాన్నే నమ్ముకోకూడదు. రిజిస్టరు దస్తావేజు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), అడంగల్ తేదీలవారీగా పేర్చాలి. ఫోన్ సందేశాల ప్రింట్లకు, 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి. విచారణాంశాలు ఖరారయ్యేలోగా అసలు పత్రాలు దాఖలు చేయాలి.